రెక్క కింద ఈక నిండాక

పావురం పిల్లని తల్లి దగ్గర్నుంచి ఎన్నో రోజున విడదీయాలండీ అని అడుగుతుంటారు. నేను రోజులు చెప్పను, రెక్క ఎత్తి చూడమంటాను. పిల్లని ఎడం అరచేతిలో కూర్చోబెట్టుకుని, రెండు కాళ్లూ వేళ్ల సందున పట్టి, కుడిచేత్తో రెక్క మెల్లిగా విప్పాలి. రెక్క మడతపడి ఒంటికి ఆనే చోట గులాబిరంగు చర్మం ఇంకా కనిపిస్తుంటే తీసుకెళ్లి మళ్లీ గూట్లో పెట్టెయ్యడమే. అక్కడ ఈక నిండిందా, ఇక ఆ పిల్ల రాత్రి చలికి తనంతట తాను ఓర్చుకోగలదు. తల మీద పసుప్పచ్చటి నూగు నాలుగు పోగులు మిగిలుంటే ఉండనివ్వండి, వాటితో పని లేదు. లెక్క కావాల్సిందే అంటారా, 25 నుంచి 28 రోజుల మధ్య.

ఈ ఏడు మా డాబా మీద తొమ్మిది పిల్లలు. ఎనిమిదింటికి ఇరవై ఆరో రోజుకల్లా రెక్క నిండింది. ఏడో నంబరు రింగుదానికి నిండలేదు. రెండో గుడ్డులోంచి వచ్చిన పిల్ల అది. అన్నగారు ముందు పుట్టి, ముందు మెడ చాచి, వచ్చిన మేతంతా తనే లాగించేవాడు. దాన్ని తండ్రి దగ్గరే ఇంకో మూడు రోజులు ఉంచాను. తల్లి అప్పటికే పక్క మూకుట్లో మళ్లీ గుడ్లు పెట్టి కూర్చుంది.

నా వృత్తి సన్నాయి. అన్నవరం కొండ కింద, కొత్త బళ్లకి పూజలు చేయించుకునే తొలిపావంచా దగ్గర్నుంచి నడిచొచ్చేంత దూరంలో మా ఇల్లు. సత్యనారాయణస్వామి సన్నిధిలో పెళ్లి చేస్తామని మొక్కుకునేవాళ్లు ఉన్నంతకాలం మా మేళానికి కూటికి లోటు లేదు. అయితే ముహూర్తాలు ఏడాది పొడుగునా ఉండవు. ఆషాఢం, భాద్రపదం, ధనుర్మాసం, మధ్యమధ్య వచ్చిపడే మూఢాలు, ఇవన్నీ సన్నాయి గుడ్డసంచిలో పడుకునే రోజులు. నా పావురాల పంచాంగం వాటి చుట్టూ కట్టుకున్నదే. దసరా వెళ్లగానే జతలు కడతాను. కార్తీకంలో కొండ మీద వ్రతాలకి జనం కిటకిటలాడుతుంటే ఇక్కడ గూళ్లలో పిల్లలు కీచుమంటుంటాయి. మార్గశిరం మొదట్లో విడదీస్తాను. ధనుర్మాసమంతా డాబా మీద చదువు. మాఘంలో పెళ్లిళ్లు మొదలై నేను ఊళ్లు పట్టుకు తిరిగే సమయానికి అవి దూరాలకి తయారవుతాయి.

ఈ పిచ్చి నాకు పట్టింది ఒక తప్పిపోయిన పావురం వల్ల. ఇరవై ఏళ్ల కిందటి మాట. వేసవి మధ్యాహ్నం, నీళ్ల తొట్టి అంచు మీద వాలింది. గుడి మీద తిరిగే పావురాల్లా లేదు. రొమ్ము విశాలం, మెడ నిటారు, ముక్కు మీది పొక్కు సున్నం కొట్టినంత తెలుపు. కాలికి రింగు, రింగు మీద సంవత్సరమూ నంబరూ. చెన్నై వ్యాసర్పాడిలో మా మేనత్త కొడుకు ఉంటే ఫోను చేశాను.

"బావా, ఇదేదో మీ ఊరి పిట్టలా ఉంది."

"నీళ్లు పెట్టావా? రెండ్రోజులు మేపి వదిలెయ్. కట్టెయ్యకు. దాని ఇల్లు దానికి తెలుసు."

నాలుగో రోజు పొద్దున్న దాన్ని పైకి విసిరాను. మూడు చుట్లు తిరిగింది, నైరుతి పట్టింది, పోయింది. నేను తిండి పెట్టాను, నీడ ఇచ్చాను, నాలుగు రోజులు ఒళ్లు నిమిరాను. అది ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదు. కాస్త కష్టంగానే అనిపించింది, అబద్ధం ఎందుకు!

పందెం పావురాల సంగతంతా తర్వాత బావే చెప్పాడు. పావురాల ఆటల్లో రెండు రకాలున్నాయి. ఒకటి ఎత్తుకి ఎగిరి గంటల తరబడి ఆకాశంలోనే నిలిచేది. రెండోది దూరం నుంచి ఇంటికి తిరిగొచ్చేది, హోమర్. పందొమ్మిదో శతాబ్దంలో బెల్జియంలో రకరకాల పావురాల్ని కలిపి సాధించిన జాతి ఇది. కోల్‌కతా, బెంగళూరు, చెన్నైలలో వీటికి క్లబ్బులున్నాయి. చెన్నై సందుల్లో ఈ సరదా ఎంత ముదిరిందో 2015లో వచ్చిన ధనుష్ సినిమా 'మారి' చూసినవాళ్లకి తెలుస్తుంది. చెన్నైవాళ్లు పిట్టల్ని బుట్టల్లో పెట్టి ఉత్తరానికి, అంటే మన నెల్లూరు, ఒంగోలు, విజయవాడల వైపు, దూరం పెంచుకుంటూ తెచ్చి వదులుతారు. అందుకే దారి తప్పిన రింగు పావురాలు మన కోస్తా జిల్లాల్లో అప్పుడప్పుడూ ఎవరి మేడ మీదో వాలుతుంటాయి. 'గూఢచారి పావురం' అని హడావుడి చేసి పోలీసుల దాకా తీసుకెళ్లేవాళ్లున్నారు. పాపం దానికి కావాల్సింది గుక్కెడు నీళ్లు.

పందెంలో ముందొచ్చిన పిట్ట గెలిచినట్టు కాదు. ఎవరి గూడు వదిలిన చోటికి ఎంత దూరమో ముందే మీటర్లతో సహా కొలిచి ఉంచుతారు. ఆ దూరాన్ని పట్టిన నిమిషాలతో భాగిస్తే నిమిషానికి ఎన్ని మీటర్లు వచ్చిందో తేలుతుంది, ఎక్కువ వచ్చినదే మొదటిది. నిమిషానికి 1,200 మీటర్లంటే గంటకి 72 కిలోమీటర్లు. గాలి కలిసొస్తే అంతకు మించి కూడా వస్తాయి. టీకొట్టు దగ్గర ఈ లెక్క ఎవరికీ పట్టదు, ధర చెబితే మాత్రం గ్లాసు దించుతారు. 2020 నవంబరులో బెల్జియంలో న్యూ కిమ్ అనే రెండేళ్ల ఆడ పావురం వేలంలో 16 లక్షల యూరోలు పలికింది. మన డబ్బులో దాదాపు 14 కోట్లు. "ఏవండీ, మీవి ఎంత చేస్తాయండీ" అని వెంటనే అడుగుతారు. మావి ఏమీ చేయవు. మా ఊళ్లో క్లబ్బు లేదు, పందెం లేదు. సంక్రాంతి మూడ్రోజులూ కోడిపుంజుల చుట్టూ లక్షలు చేతులు మారే ప్రాంతంలో పందెం కట్టకుండా పిట్టని ఎగరేసేవాణ్ని వింతగా చూస్తారు. చూడనివ్వండి.

బావ మొదట నాకు ఇస్తానన్నది పెద్ద పావురాల జత. మళ్లీ తనే వద్దన్నాడు. ఎగరడం వచ్చి ఒక గూటిని ఇల్లనుకున్న పావురాన్ని కొనితెచ్చి ఎంత మేపినా, తలుపు తీసిన రోజున పాత ఊరికే పోతుంది. మా తొట్టి మీద వాలినది చేసింది అదే. అలాంటివాటిని జీవితమంతా లోపలే ఉంచి పిల్లలు చేయించుకోవాలి తప్ప ఎగరేయకూడదు. ఎగరేయాల్సింది ఇక్కడ పుట్టిన పిల్లల్ని. 'ఇదీ నా ఇల్లు' అన్నది పిల్ల మనసులో పడేది రెక్క నిండిన రోజుకీ, నిజంగా ఎగరగలిగిన రోజుకీ మధ్య ఉన్న రెండు మూడు వారాల్లో. శిక్షణంటే బుట్టలో పెట్టి రాజమండ్రి తీసుకెళ్లి వదలడం అనుకుంటారు గానీ, అసలు పని ఇంటి డాబా మీద, పిట్ట గాల్లోకి లేవకముందే అయిపోతుంది. ఇది నాకు తెలిసేసరికి నావి చాలా పిట్టలు పోయాయి.

మొదట్నుంచీ చెబుతాను. గూడంటే సర్వి బాదులు, ఇనప వల, పైన సిమెంటు రేకు, ఎండకి దాని మీద తాటాకు. ఒక్కో జతకి మట్టి మూకుళ్లు. మూకుట్లో వేసుకోడానికి పొగాకు ఈనెలు పడేస్తాను. మా వైపు పొగాకు పండించే ఊళ్లకి కొదవ లేదు, ఆకు తీసేశాక మిగిలే ఈనెలు ఊరికే ఇస్తారు. ఆ ఘాటుకి పేలు, చిన్న పురుగులు చేరవు. మగది ఒక్కో ఈనె ముక్కున పట్టుకుని తెస్తుంటే ఆడది కూర్చుని ఒళ్లో సర్దుకుంటుంది. ఇల్లు కట్టేటప్పుడు మా ఆవిడా నేనూ పడ్డ గొడవలు వీటికి ఉండవు.

జత కట్టిన పది రోజులకి మొదటి గుడ్డు, సాయంత్రం పూట. మధ్యలో ఒక రోజు వదిలి, ఆ మర్నాడు మధ్యాహ్నం రెండోది. సామాన్యంగా రెండే. పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా తండ్రి పొదుగుతాడు, మిగతా పొద్దంతా తల్లి. పదిహేడు పద్దెనిమిది రోజులకి పిల్లలు. పుట్టినప్పుడు కళ్లు మూసుకుని, ఒళ్లంతా పసుపు నూగుతో, పదిహేను ఇరవై గ్రాములు ఉంటాయి. నాలుగు వారాలకి నాలుగొందల గ్రాములకి దగ్గర పడతాయి. ఇంత వేగానికి కారణం పావురం పాలు. నవ్వకండి, నిజంగానే పాలు. పిల్లలు పుట్టే సమయానికి తల్లికీ తండ్రికీ కూడా మేత తిత్తి లోపలి పొర మందమై, జున్ను తునకల్లాంటి పదార్థంగా ఊడుతుంది. మాంసకృత్తులూ కొవ్వూ దండిగా ఉంటాయి, చక్కెర ఉండదు. ఆవుకీ మనిషికీ పాలు పడేట్టు చేసే ప్రొలాక్టిన్ హార్మోనే ఇక్కడా పని చేస్తుంది. పక్షుల్లో ఇంకా ఫ్లెమింగోలు, చక్రవర్తి పెంగ్విన్లలో మగవి ఇలా చేస్తాయి. తండ్రి కూడా పాలిచ్చే ఇళ్లు ఎన్నుంటాయి చెప్పండి! వారం దాటాక పాలలో నానిన గింజలు కలుస్తాయి. పది రోజులకి పూర్తిగా గింజలే.

ఆరేడు రోజులప్పుడు రింగు వేస్తాను. ముందరి మూడు వేళ్లూ కలిపి రింగులోంచి దూర్చి, వెనక వేలుని కాలికి ఆనించి, దాని మీదుగా పైకి జరిపి, వెనక వేలుని పుల్లతో బయటికి లాగుతాను. ఇంకో మూడు రోజులు ఆలస్యమైతే పాదం పెరిగి రింగు ఎక్కదు. ఆ వయసులో వేసినది మళ్లీ ఊడి రాదు, అందుకే అది పుట్టిన సర్టిఫికెట్టు లాంటిది.

ఇక విడదీసే రోజు. దాన్ని నేను పొద్దున్నే చేస్తాను. చీకటి పడేలోపు కొత్త చోటు చూసుకోవాలి కదా. పిల్లల అర వేరే ఉంది. అందులో ఎత్తైన కర్రలు ఉండవు, నేలంతా పొడి చెక్క. తల్లీతండ్రీ కనిపించకూడదు, వినిపించకూడదు. దించిన మరుక్షణం ఒకదాన్నొకటి రెక్కలు కొట్టుకుంటూ మేత పెట్టమని వెంటపడతాయి. అందరూ అడిగేవాళ్లే, పెట్టేవాడు లేడు. అప్పుడు నేను చేసే మొదటి పని నీళ్లు చూపించడం. గింజ తినకపోయినా ఒకటి రెండు రోజులు బతుకుతుంది, నీళ్లు తాగడం రాకపోతే రెండో రోజే వాడిపోతుంది. ఒక్కో పిల్లనీ పట్టుకుని ముక్కు కొసని మూకుట్లోని నీళ్లలో ముంచుతాను. ముక్కు మీది రంధ్రాలు మునగకూడదు. ఒక్క క్షణం కళ్లు పెద్దవి చేసి ఊరుకుంటుంది. తర్వాత గొంతు కదులుతుంది. కోడి గుక్క తీసుకుని తల ఎత్తుతుంది చూశారా, పావురం అలా కాదు, తల వంచిన పళంగా గడ్డిపుల్లతో పీల్చినట్టు తాగేస్తుంది. ఆ గొంతు కదలిక కళ్లారా చూసేదాకా నేను పిల్లని కింద పెట్టను. తొమ్మిదింటికీ చూశాను. ఏడో నంబరుకి నాలుగుసార్లు ముంచాల్సి వచ్చింది.

గింజలు నేర్పడానికి ఒక ముసలి మగ పావురాన్ని వాటితో పాటు ఉంచుతాను. ఎగిరే వయసు దాటింది, జత లేదు. అది టకటకా పొడుస్తుంటే పిల్లలు చూసి ఆటగా పొడుస్తాయి. పది గింజలు ముక్కున పట్టి పదీ జార్చుకుంటాయి. సాయంత్రానికి ఒకటి లోపలికి పోతుంది. మొదట్లో గంటెలు, పెసలు, బియ్యపు నూక లాంటి చిన్న గింజలే పెట్టాలి. జొన్న, గోధుమ, మొక్కజొన్న పలుకు తర్వాత. పక్కన ఆల్చిప్పల పొడి, ఇటుక పొడి, బొగ్గు కలిపి ఓ చిప్పలో. పళ్లు లేని జీవానికి గింజ నలగాలంటే కడుపులో రాయి పడాలి. మొదటి రెండు మూడు రోజులు పిల్లలు కాస్త చిక్కుతాయి, కంగారు పడక్కర్లేదు. రొమ్ము ఎముక చేతికి కత్తి అంచులా తగిలితే మాత్రం నానబెట్టిన శనగలు నోట్లో పెట్టాల్సిందే.

ఎదిగిన పిట్టకి రోజుకి ముప్ఫై గ్రాములు చాలు. పావురాలవాళ్లలో ఒక మొండి నమ్మకం ఉంది, కడుపు మాడిస్తేనే మాట వింటాయని. ఆకలి ఉంచడం వేరు, కడుపు మాడ్చడం వేరు. ఈక పెరుగుతున్న రోజుల్లో మేత తప్పితే ఆ రోజు పెరిగిన చోట ఈకకి అడ్డంగా సన్నటి గీత పడుతుంది. రెక్క విప్పి వెలుతురుకి పట్టి చూడండి, బ్లేడుతో గీసినట్టు కనిపిస్తుంది. ఏ పిల్లని ఎన్నో వారంలో నిర్లక్ష్యం చేశామో ఆ రెక్క మీద రాసే ఉంటుంది, ఆ ఈక రాలి కొత్తది వచ్చేదాకా. ఎప్పుడైనా ఎదురుగాలిలో ఈక విరిగితే అక్కడే విరుగుతుంది.

తినడం, తాగడం వచ్చాక డాబా మీదికి. అక్కడ గూటికి ఆనించి వల బోను ఒకటి ఉంది. మా ఆవిడ దానికి పెళ్లిచూపుల బోను అని పేరు పెట్టింది. పది రోజులు పొద్దునా సాయంత్రం అందులో కూర్చుని చూడటమే వాటి పని. రత్నగిరి మీద గుడి, కింద పంపా నీళ్ల మెరుపు, రైలు పట్టాలు, హైవే మీద లారీలు. తల ఒక పక్కకి వంచి ఒంటికంటితో ఆకాశాన్ని చూస్తుంటాయి. బోను చుట్టూ రేకు కట్టొద్దని బావ గట్టిగా చెప్పాడు, ఎందుకో అప్పట్లో తెలియలేదు. గాలి అడ్డుకునేలా చుట్టూ గోడ కట్టి పెంచిన పిల్లలు దూరంగా తీసుకెళ్లి వదిలితే దిక్కు తెలుసుకోలేకపోయాయని ఐరోపాలో పరిశోధనలు జరిగాయట. ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయంలో ఫ్లోరియానో పాపి 1970ల మొదట్లో దీని మీదే ఒక సిద్ధాంతం చెప్పాడు: ఏ దిక్కు గాలి ఏ వాసన మోసుకొస్తుందో గూట్లో కూర్చున్న రోజుల్లోనే పిల్ల గుర్తుపెట్టుకుంటుందని. మా పిల్లలకి ఆగ్నేయం నుంచి సముద్రపు ఉప్పుగాలి, పడమటి నుంచి కొండల ఎండుటాకుల వాసన వస్తాయి. కొండ మీద నేతి ప్రసాదం వండే వాసన కూడా ఎక్కుతుందేమో నాకు అనుమానం. శాస్త్రం అంత దూరం వెళ్లలేదు లెండి.

బోనులోంచి గూట్లోకి ఊచల తలుపు. సన్నటి ఊచలు పైనుంచి వేలాడుతుంటాయి, బయటినుంచి తోస్తే లోపలికి జరుగుతాయి, లోపలినుంచి తోస్తే కదలవు. ఒక్కో పిల్లనీ పది పదిహేనుసార్లు చేత్తో నెట్టి నేర్పుతాను. లోపల పౌడరు డబ్బాలో జొన్నలు గలగలలాడిస్తూ ఈల వేస్తాను. ఆ చప్పుడు వినిపించినప్పుడే మేత, ఇంకెప్పుడూ లేదు. "ఈల ఎందుకు తాతా, సన్నాయి ఊదొచ్చుగా" అన్నాడు మనవడు. ఒక ఏడు ఆ సరదా తీర్చుకున్నాను కూడా. అన్నవరంలో సన్నాయికి అలవాటు పడ్డ పావురం ఏమవుతుంది? రోజుకి ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని మేళాలు! ఎక్కడ మోగినా ఎగురుతున్నవి ఎగురుతున్నట్టే ఊచల తలుపు మీదికి దిగిపోయేవి. లోపల మేత ఉండేది కాదు. నాలుగు రోజుల్లో సన్నాయి మీదా నా మీదా నమ్మకం పోయింది వాటికి.

అంతకన్నా పెద్ద తప్పు నాలుగేళ్ల కిందట చేశాను. పెళ్లిళ్లు ఎడతెరిపి లేకుండా ఉండి, పన్నెండు పిల్లల్ని లోపలే ఉంచేశాను. యాభై రోజులు దాటాయి. రెక్కలు బలంగా వచ్చాయి, బయట ప్రపంచం మాత్రం ఒక్కరోజు కూడా చూడలేదు. ఓ సాయంత్రం ఖాళీ దొరికింది కదా అని బోను పెట్టకుండా, ఆకలి మీద కూడా ఉంచకుండా తలుపు తీశాను. పక్క వీధిలో ఊరేగింపు వస్తోంది. వాళ్లు ఔట్లు పేల్చారు. పన్నెండూ ఒక్కసారి రివ్వున లేచాయి. ఆ వయసు పిల్లకి లేవడం వచ్చు, దిగడం రాదు, ఇల్లు పైనుంచి ఎలా ఉంటుందో తెలియదు. కొండ మీదుగా మేఘంలా తిరిగి, అటు శంఖవరం వైపు పోయాయి. మూడ్రోజుల్లో అయిదు వచ్చాయి. ఔట్లు కాల్చినవాళ్లని తిట్టుకున్నాను మొదట. ఆ రోజు ఊళ్లో పెళ్లి ఉందని ఊరందరికంటే ముందు తెలిసేది నాకు!

అందుకని ఈ ఏడు పద్ధతిగా చేశాను. నలభయ్యో రోజు, ధనుర్మాసం, సాయంత్రం అయిదు. పొద్దుట సగం మేతే వేసి ఉంచాను. గాలి లేదు. బోను తలుపు తీసి పక్కకి వచ్చి కూర్చున్నాను. తరమకూడదు, చప్పట్లు కొట్టకూడదు. ఒకటి గడప మీదికి వచ్చింది, వెనక్కి వెళ్లింది. మూడో నంబరు పిట్టగోడ దాకా నడిచి రెక్క ఆడించి, ఆడించింది తనే అన్నట్టు ఉలిక్కిపడింది. ఇరవై నిమిషాలకి డబ్బా గలగలలాడించాను, తొమ్మిదీ లోపలికి తోసుకుంటూ వచ్చాయి. మర్నాడు మళ్లీ అంతే. వారానికి ఇంటి చుట్టూ చక్కర్లు. సంక్రాంతి నాటికి, అంటే పది వారాల వయసులో, జట్టుగా లేచి కంటికి కనిపించకుండా పోయి ముప్పావు గంటకి తిరిగొస్తున్నాయి. మొదటిసారి అలా మాయమైనప్పుడు గుండె జారుతుంది. చుట్టుపక్కల నేల చదువుకుంటున్నాయని అర్థం. ఆ చదువు కాకుండా బుట్ట ఎక్కిస్తే పిట్టని పారేసుకున్నట్టే. సంక్రాంతి మూడ్రోజులు మాత్రం వదలలేదు, గాలిపటాల మాంజా రెక్కని కోసేస్తుంది.

భయాలు ఇంకా ఉన్నాయి. కొండల్లోంచి వచ్చే డేగ, కరెంటు తీగలు, రొయ్యల చెరువుల మీద కట్టిన దారాలు, గూట్లోకి దూరే జెర్రిపోతు. దోమలతో వచ్చే బొబ్బల జబ్బు. గొంతులో పసుపు పుండు. కోళ్ల కొక్కెర తెగులుకి చుట్టమైన మెడ తిరుగుడు రోగం, దానికి టీకా ఉంది. పెంచేవాళ్లకి ఒక మాట: రెట్టలు గీకేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. సన్నాయి ఊదేవాడికి ఊపిరి విలువ ఇంకొకళ్లు చెప్పాలా!

మాఘం వచ్చింది. మేదరి ఆయన అల్లిచ్చిన వెదురు బుట్ట బైకుకి కట్టాను. అంతకుముందే రెండు రాత్రులు బుట్టలో పడుకోబెట్టి, సందుల్లోంచి తల బయటపెట్టి నీళ్లు తాగడం అలవాటు చేశాను. రాత్రి ముహూర్తం అయ్యాక తెల్లారగట్ల వదలడం నా పద్ధతి. మొదటి పెళ్లి కత్తిపూడిలో, తర్వాతది ప్రత్తిపాడు, ఆపైన జగ్గంపేట. అన్నీ హైవే మీది ఊళ్లే, ఇంటికి ఒకే దిక్కు. వదిలేముందు అరగంట బుట్టని తెరిపిన పెట్టి ఆకాశం చూడనివ్వాలి. మంచు ఉంటే సూర్యుడు తేరేదాకా ఆగాలి. డోలు వాయించే తమ్ముడు "అన్నయ్యా, ఇంటికెళ్లి పడుకుందాం" అని సణుగుతుంటాడు.

సూర్యుడు ఎందుకంటే, ఆయనే వాటి దిక్సూచి. మబ్బు పట్టిన రోజుల్లో భూమి అయస్కాంత శక్తి సాయపడుతుంది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో విలియం కీటన్ పావురాలకి చిన్న అయస్కాంతాలు కట్టి వదిలితే ఎండ ఉన్న రోజు బాగానే వచ్చాయట, మబ్బు రోజున తికమకపడ్డాయట. ఆ ఫలితాలు 1971లో వచ్చాయి. 2004లో రోమ్ దగ్గర పావురాలకి జీపీఎస్ కట్టి చూస్తే, అవి హైవేలూ రైలు మార్గాల వెంట ఎగిరి, మన బళ్లలాగే ఫలానా కూడలి దగ్గర మలుపు తిరుగుతున్నాయని తేలింది. మాకూ పక్కపక్కనే హైవే, రైలు పట్టాలు. నా పిట్టలు కత్తిపూడి మీదుగా రోడ్డు వెంటే వస్తాయని నా నమ్మకం.

ఇదే పట్టాల మీద ఉత్తరానికి వెళ్తే కటక్ వస్తుంది. ఆ ఒడిశాలో పోలీసులు 1946లో సైన్యం ఇచ్చిన పావురాలతో వార్తల సేవ మొదలుపెట్టారు. మొదట ప్రయత్నించింది మనకి పొరుగునే ఉన్న కోరాపుట్ జిల్లాలో. 1948 ఏప్రిల్ 13న నెహ్రూ సంబల్‌పూర్ నుంచి కటక్‌కి సభ ఏర్పాట్ల గురించి రాసి పంపిన చీటీ ఆయన కంటే ముందే చేరింది. 1999 మహా తుఫానులో తీగలన్నీ తెగిపోయినప్పుడూ అవి పనికొచ్చాయి. ఇప్పుడు వార్తలు మోయవు, జెండా పండగలకి ఎగురుతాయి. ఆ పోలీసులకీ పిల్లకి నీళ్లు చూపించడం దగ్గర్నుంచే మొదలుపెట్టక తప్పి ఉండదు.

మొన్న మాఘ బహుళంలో రాజానగరంలో పెళ్లి. ఆరున్నరకి బుట్ట తెరిచాను. తొమ్మిదీ ఒక్క చుట్టు తిరిగి ఈశాన్యం పట్టాయి. నేను బైకు మీద ఇంటికి వచ్చేసరికి మనవడు గోడ మీద బొగ్గుతో వచ్చిన వరసన నంబర్లు రాసి ఉంచాడు. ఒకటి, అయిదు కలిసి వచ్చాయి, తర్వాత నాలుగు, ఏడు, తొమ్మిది, రెండు. కాస్సేపటికి ఆరు, ఎనిమిది. ఏడో నంబరు ముందూ కాదు, వెనకా కాదు. నేను చూసేసరికి మూకుట్లో ముక్కు ముంచి, తల ఎత్తకుండా తాగుతోంది.

మూడో నంబరు రాలేదు. అన్నిటికంటే ముందు రెక్కాడించినది. మధ్యాహ్నం డబ్బా మోగించాను. నాలుగింటికి ఇంకోసారి.

"తాతా, కింద గీత గీసెయ్యనా?"

"ఉంచరా, చోటు ఉంచు."

ఆ రాత్రి తునిలో మేళం ఉంది. మూకుట్లో నీళ్లు మార్చి, ఊచల తలుపు అడ్డగడియ తీసి ఉందో లేదో రెండుసార్లు తడిమి చూసుకుని, సన్నాయి సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాను.